డ్యాష్‌బోర్డు వెనక తారీఖ్



మన ఊరి పేరులోనే ఒక ఫార్సీ లఫ్జ్ ఉంది. బందర్ అంటే ఓడరేవు. గోల్కొండ కుతుబ్ షాహీల జమానాలో ఈ రేవు నుంచి కలంకారీ బట్ట ఈరాన్ దాకా వెళ్ళేది. అటునుంచి గుర్రాలు వచ్చేవి, ఫార్సీ మాట్లాడే తాజిర్లు వచ్చేవాళ్ళు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ కోఠీలు పెట్టుకున్నారు. తర్వాత ఔరంగజేబు కొలువులో పెద్ద పేరు తెచ్చుకున్న మీర్ జుమ్లా కూడా అంతకుముందు మన బందరుకి హవల్దారుగా పనిచేసినవాడే. సముద్రం మీద వచ్చిన ప్రతి వస్తువూ ఇక్కడి కారీగర్ల చేతిలో పడి కొంచెం మారేది. కలంకారీ చూడండి. కలమూ కారీ, రెండూ ఫార్సీ లఫ్జులే. చేతులు మాత్రం పెడనవి, బందరువి.

బందరు తారీఖ్ రాసేవాళ్ళు మామూలుగా 1864 తుఫాను దగ్గర, మహా అయితే 1923లో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ తర్వాత బైటి నుంచి వచ్చిన ఒక చిన్న వస్తువు గురించి రాయాలని ఉంది. కార్లో పాటల పెట్టె. రేడియో అనండి, టేపు అనండి, డెక్కు అనండి, స్టీరియో అనండి. మా ఇంటి 1996 మోడల్ మారుతి 800లో ఈమధ్య కొత్త స్టీరియో నేనే బిగించాను. ఆ పాత డ్యాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే ఒక్కో వైరు ఒక్కో జమానా మాట్లాడింది. అందుకే ఇది సగం తారీఖ్, సగం పని చెప్పే వ్యాసం. శౌక్ ఉన్నవాళ్ళు పని భాగం చూసి మీరూ చేసుకోండి.

కార్లో రేడియో మొదట అమెరికా శౌక్. 1930లో గాల్విన్ అనే అన్నదమ్ములు కారులో పెట్టుకునే రేడియో చేసి అమ్మారు. మోటారుకీ, ఆ రోజుల్లో గ్రామఫోన్ల పేర్ల చివర ఉండే "ఓలా"కీ ముడేసి దానికి మోటరోలా అని పేరు పెట్టారు. ఆ తర్వాత కంపెనీకే ఆ పేరు వచ్చింది. ధర 110 నుంచి 130 డాలర్లు. 1932లో జర్మనీలో బ్లౌపంక్ట్ వాళ్ళు యూరప్‌లో మొదటి కారు రేడియో తెచ్చారు. అవన్నీ వాల్వుల రేడియోలు. వాల్వు పనిచేయాలంటే వంద వోల్టులు దాటాలి, కారు బ్యాటరీ ఇచ్చేది ఆరో పన్నెండో. అందుకని వైబ్రేటర్ అనే చిన్న సామాను కరెంటుని టకటకా కొట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి ఇచ్చేది. పాట మొదలవకముందే రేడియో లోపల తేనెటీగల హోరు వినిపించేదన్నమాట. 1955 ప్రాంతంలో ట్రాన్సిస్టర్లు వచ్చాకే ఆ హోరు పోయింది.

మన వైపు ఆ రోజుల్లో ఆవాజ్ అంటే ఆకాశవాణి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1952లో కేంద్రంలో కేస్కర్‌గారు సమాచార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు బంద్. జనం ఊరుకుంటారా? సిలోన్ వైపు ముల్లు తిప్పారు. అమీన్ సయానీ గొంతు కోసం మన పెద్దవాళ్ళు బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలా దగ్గర కూర్చునేవాళ్ళు. తెలుగు పాటల కోసం అదే సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురైగారి గొంతు ఉండేది. 1957లో వివిధభారతి పుట్టింది సిలోన్ దెబ్బకే. ఇంకోటి, ఇప్పటి పిల్లలు నమ్మరు. రేడియో ఉంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తెచ్చుకోవాలి, ఏటేటా ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్య దాకా ఆ ఖానూన్ ఉంది.

అందుకే కృష్ణా డెల్టాలో కారూ, అందులో రేడియో, రెండూ కలిసి చాలాకాలం రైసు మిల్లు యజమానులకే. కారంటే అంబాసిడర్, లేదంటే ఫియట్. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారుకి నకలు. రేడియో పెట్టాలంటే డ్యాష్‌బోర్డు కింద ఇనప పట్టీ కట్టి వేలాడదీయడమే. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో ఒక తిరకాసు ఉంది. ఇప్పుడు బ్యాటరీ నెగెటివ్‌ని బాడీకి కలుపుతాం. వాళ్ళు 1960ల చివరి దాకా పాజిటివ్‌ని బాడీకి కలిపేవాళ్ళు. మీ తాతగారి పాత బండి ఏదైనా షెడ్డులో ఉండి, దానికి కొత్త సెట్టు పెట్టాలనుకుంటే మొట్టమొదట బ్యాటరీ ఏ మొన బాడీకి వెళ్ళిందో చూడండి. తారీఖ్ తెలియకపోతే ఫ్యూజు ఎగిరిపోతుంది అనడానికి ఇంతకన్నా మిసాల్ దొరకదు.

పాత బండికి కొత్త సౌండు పెట్టిన సంగతుల్లో మన జిల్లా ఎన్నటికీ మర్చిపోనిది మాత్రం కారు కాదు, వ్యాను. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావుగారు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, ఒక పాత షెవర్లే వ్యానుకి పైన వేదిక కట్టించి, లైట్లు, మైకులు బిగించి చైతన్యరథం అని పేరు పెట్టారు. కొడుకు హరికృష్ణ తోలారు. ఇంకా ఏడాది తిరక్కముందే ముఖ్యమంత్రి అయ్యారు. 1983లో ఆయన గెలిచిన సీట్లలో మన గుడివాడ ఒకటి. రాజకీయం నాకిక్కడ పని లేదు. నా దృష్టి ఆ బండికి మైకు బిగించిన చేతుల మీద. బ్యాటరీ ఎక్కడ పెట్టాడు, ఆంప్లిఫయర్ వేడెక్కకుండా ఏం చేశాడు, గుంతల రోడ్ల మీద వైరు తెగకుండా ఎలా కట్టాడు? ఈ హునర్‌ని ఎవరూ పుస్తకంలో రాయరు. ఘంటసాలగారు గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టారని అందరికీ తెలుసు. ఆయన గొంతుని ఊరూరా మోసిన మైకుసెట్టువాళ్ళ పేరు ఒక్కటీ ఎక్కడా లేదు.

ఆ చేతుల్లో మనవాళ్ళవి చాలానే. ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణాలు చూడండి, బందరులోనైనా గుడివాడలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా, బోర్డు మీద సగం పేర్లు మనవే ఉంటాయి. ఎందుకలా? నేను చూసినంతలో ఇది. జట్కా తోలిన తాతకి లారీ తోలే కొడుకు, లారీ తోలినవాడికి లారీ బాగుచేసే కొడుకు. దూదేకుల కుటుంబాల్లో ఏకు యంత్రం వచ్చి ధునకీ మూలన పడ్డాక పిల్లల్ని షెడ్డులో చేర్చారు. భూమి లేనివాడికి, డిగ్రీ లేనివాడికి చేతిపనే జాగీరు. ఉస్తాద్ దగ్గర పదేళ్ళ వయసులో షాగిర్దుగా చేరితే మొదటి ఏడాది చాయ్ తేవడం, స్పానర్లు తుడవడం. రెండో ఏడు డైనమో బ్రష్షులు. వైరింగ్ ముట్టుకోనిచ్చేది నాలుగో ఏట. ఆ పిల్లలు చదువుకోవాల్సిన వయసది అనేది వేరే దర్ద్, అది నేను కప్పిపుచ్చను. కాని వాళ్ళకొచ్చిన ఇల్మ్‌ని ఇల్మ్ కాదనడం కూడా జుల్మే.

క్యాసెట్టు వచ్చాక కథ మారింది. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో బైటపెట్టింది. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, సెకనుకి 4.76 సెంటీమీటర్ల నడక. 1968లో కారుకి పనికొచ్చే క్యాసెట్ ప్లేయరు కూడా తెచ్చారు. మనదాకా రావడానికి మాత్రం పదిహేనేళ్ళు పట్టింది, వచ్చింది కూడా రెండు దారుల్లో. ఒకటి మద్రాసు బర్మా బజార్. రెండోది గల్ఫ్. కువైట్, సౌదీ నుంచి వచ్చిన ప్రతి మనిషి భుజాన ఒక టూ-ఇన్-వన్, సూటుకేసులో ఒక కారు డెక్కు. తనకి కారు లేకపోయినా తెచ్చేవాడు, అమ్మితే టికెట్టు ఖర్చులో కొంత వచ్చేది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. అదే ఏడాది గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పెట్టి క్యాసెట్టుని కూరగాయల ధరకి దించాడు. కారూ, డెక్కూ, క్యాసెట్టూ ఒకే దశాబ్దంలో మధ్యతరగతి చేతికొచ్చాయి.

మన ఇళ్ళలో ఆ క్యాసెట్లేమిటో మీకూ గుర్తుండే ఉంటుంది. ఖారీ అబ్దుల్ బాసిత్ తిలావత్. సాబ్రీ బ్రదర్స్ ఖవ్వాలీ. వహీద్ జఫర్ ఖాస్మీ నాత్‌లు. కింద వరసలో ఎవరికీ కనపడకుండా రఫీ, ఇంకా కింద ఘంటసాల. కార్లో ఏది పెట్టాలన్న బహస్ ప్రతి ఇంట్లో నడిచేది. ఇది కొత్త బహస్ కాదు. హిందుస్తాన్‌లో లౌడ్‌స్పీకర్ వచ్చినప్పుడు దాని మీద నమాజ్ జాయిజా కాదా అని ఉలమాలో పెద్ద చర్చే జరిగింది. మొదట వద్దన్నవాళ్ళలో పెద్దపెద్దవాళ్ళున్నారు. తర్వాత మషీన్ ఎలా పనిచేస్తుందో కనుక్కుని రాయి మార్చుకున్నారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాబ్ ఈ ఒక్క మసలా మీదే కితాబు రాశారు. మషీన్ గురించి ముందు తెలుసుకుని తర్వాత ఫత్వా ఇవ్వడం, ఆ అదబ్ నాకు చాలా ఇష్టం.

మా అబ్బాకి ఒక ఉసూల్ ఉండేది. తిలావత్ నడుస్తుంటే కార్లో కబుర్లు వద్దు. మాట్లాడాల్సి వస్తే టేపు ఆపాలి. ఇల్లు చేరాక కూడా ఆయత్ మధ్యలో తాళం తిప్పేవారు కాదు, ఆయత్ పూర్తయ్యేదాకా స్టీరింగ్ మీద చెయ్యేసి కూర్చునేవారు. అమ్మీ గుమ్మంలో నిలబడి చూసేది.

అబ్బా క్యాసెట్లలో ఒకటి బజారుది కాదు. అదే ఈ పని మొత్తాన్ని ముడిపెట్టింది. మా మామూ 1980లలో కువైట్‌లో డ్రైవరు. ఉత్తరం రాయడం నానీకి రాదు, ఫోను చేసే స్తోమత ఎవరికీ లేదు. అప్పుడు చాలా ఇళ్ళు చేసిన పనే మా వాళ్ళూ చేశారు. ఆవాజ్ ఖత్. క్యాసెట్టులో మాట్లాడి, సెలవుకి వస్తున్న మనిషి చేతికిచ్చి పంపడం. జవాబు కూడా దాని మీదే. క్యాసెట్టు ఒకటే కాబట్టి కొత్త మాటలు పాత మాటల మీద ఎక్కేవి. పదేళ్ళ కబుర్లు అలా ఒకదానికింద ఒకటి చెరిగిపోయాయి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మామూ రెండు నెలలు ఏమయ్యాడో తెలియలేదు. చివరికి మిగతావాళ్ళలాగే ఇరాక్ మీదుగా అమ్మాన్ చేరి, ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ విమానాలు దాదాపు లక్షా డెబ్బై వేల మంది హిందుస్తానీలను తెచ్చాయి. మామూ సంచిలో రెండు జతల బట్టలు, ఆ క్యాసెట్టు. దాని మీద మిగిలింది నానీ చివరిగా పంపిన అరగంట. ఆమె గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

ఇంట్లో క్యాసెట్టు పాడగలిగే మషీన్ కారు డెక్కు ఒక్కటే మిగిలింది, అదీ టేపు నమలడం మొదలుపెట్టింది. పిల్లలు దాన్ని పీకి తెరున్న స్టీరియో పెట్టమంటారు. అమ్మీ ఏమీ అనదు, కాని కార్లో కూర్చున్నప్పుడల్లా గ్లోవ్ బాక్సు మీద చెయ్యేస్తుంది. కాబట్టి మొదటి పని స్టీరియో కాదు, నానీ.

నమిలే డెక్కులో ఆ క్యాసెట్టు పెట్టడం మాటే లేదు. అటక మీద పాత టూ-ఇన్-వన్ ఉంది. ఇలాంటివాటిలో చెడేది దాదాపు ఎప్పుడూ రబ్బరు బెల్టే, ఏళ్ళకి సాగిపోతుంది లేదా బంకలా కరుగుతుంది. కొత్త బెల్టు వేసి, హెడ్డునీ చిన్న రబ్బరు చక్రాన్నీ స్పిరిట్ అద్దిన దూదితో తుడిచాను. ముందు పనికిరాని క్యాసెట్టొకటి రెండు వైపులా పాడించి చూశాను. తర్వాత నానీ క్యాసెట్టుని పెన్సిలుతో చివరి దాకా ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పాను. ఏళ్ళ తరబడి చుట్టుకుని ఉన్న టేపు పొరలు అంటుకోకుండా వదులవుతాయి. హెడ్‌ఫోను రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు. అరగంటకి సుమారు 300 ఎంబీ అయింది. మూడు చోట్ల దాచాను, ఒకటి మామూ ఇంట్లో. ఇంట్లో క్యాసెట్లున్నవాళ్ళు ఎవరైనా సరే, డెక్కు పీకకముందు ఈ పని చేయండి. క్యాసెట్టు మీద పేరు లేకపోయినా ఒకసారి విని చూడండి.

ఇక బండి దగ్గరికి.

మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ, పది నంబరు స్పానరుతో విప్పి పక్కకి పెట్టాలి. పాత డెక్కు బైటికి లాగగానే మా దానిలో మూడు తరాల వైర్లు కనిపించాయి. కంపెనీ వైర్లు సన్నగా, పద్ధతిగా టేపు చుట్టి ఉన్నాయి. వాటి మీద 1990ల ఉస్తాద్ వేసిన ఎర్ర నల్ల జంట తీగ. దానికి తగిలించి 2005 ప్రాంతంలో ఎవరో సీడీ సెట్టు కోసం లాగిన నీలం వైరు, చివర ఏ కనెక్షనూ లేదు. మూడూ చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టినవే. మన ఎండకి ఆ టేపు బంక కరిగి జారిపోతుంది, మన ఉప్పు గాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. హైదరాబాదులో ఇరవై ఏళ్ళు ఉండే అతుకు బందరులో ఏడెనిమిదేళ్ళకే చిలుమెక్కుతుంది. అందుకే నేను పచ్చబడ్డ భాగం కత్తిరించి, లోపల మెరిసే రాగి కనిపించేదాకా వెళ్ళి, ప్రతి అతుకూ సోల్డర్ చేసి, మీద హీట్‌ష్రింక్ స్లీవు వేశాను. ఒక సాయంత్రం పట్టింది. దుకాణంలో ఇరవై నిమిషాల్లో అవుతుంది కదా అంటారా, ఇరవై నిమిషాల కూలీ ఇచ్చి రెండు గంటల పని అడిగితే ఉస్తాద్ మాత్రం ఏం చేస్తాడు?

కొత్త స్టీరియో వైర్ల రంగులు ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే. పసుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు. ఎరుపు తాళం తిప్పితేనే వచ్చే కరెంటు. నలుపు అర్త్. నీలం యాంటెన్నాకి, లేదా ఆంప్లిఫయర్‌ని నిద్రలేపడానికి. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి స్పీకరు రంగుకీ నల్ల గీత ఉన్న జోడీ నెగెటివ్. కారు వైపు రంగులు మాత్రం నమ్మొద్దు, మధ్యలో ఎంతమంది చెయ్యి పెట్టారో అల్లాహ్‌కే తెలుసు. మల్టీమీటరుతో ఒక్కోటి చూసుకోండి. తాళం తీసినా 12 వోల్టులు చూపించేది పసుపుకి, తాళంతో వచ్చి పోయేది ఎరుపుకి. కొందరు సులువని రెండూ కలిపేస్తారు. అలా చేస్తే తాళం తీశాక కూడా సెట్టు మేలుకునే ఉండి, నాలుగు రోజులు బండి తీయకపోతే ఫజర్‌కి లేచి తోసుకోవాల్సిందే. ఎరుపు వైరు సరిగ్గా ఏసీసీకి వెళ్తే ఇంజను ఆపినా తాళం ఒక మెట్టు దగ్గర ఉంచి ఆయత్ పూర్తిగా వినొచ్చు. అబ్బాకి తెలియక కాదు, ఆ పాత వైరింగ్‌లో ఆ సదుపాయం లేకపోయింది.

పాత కార్లలో అసలు ప్రమాదం స్పీకర్ల దగ్గర ఉంది. పాత డెక్కుల్లో స్పీకరు ఒక తీగని బాడీకి కలిపేసేవాళ్ళు, లేదా రెండు స్పీకర్లకీ ఒకే నెగెటివ్ ఇచ్చేవాళ్ళు. అప్పట్లో అది తప్పు కాదు. ఇప్పటి సెట్టులో స్పీకరుకి వెళ్ళే రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది, రెండు ఆంప్లిఫయర్లు ఒకే స్పీకరుని అటొకటి ఇటొకటి లాగుతాయి. 12 వోల్టుల బండిలో నాలుగింతలు పవరు పిండడానికి చేసిన ఉపాయమిది. అందులో ఏ తీగ బాడీకి తగిలినా లోపలి ఐసీ కాలిపోతుంది. కాబట్టి పాత స్పీకరు వైరు మోహమాటం లేకుండా పీకేసి, ప్రతి స్పీకరుకీ కొత్త జంట తీగ లాగండి. నేను తలుపుల్లోవి, వెనక ట్రే మీదవి, నాలుగూ కొత్తగా లాగాను. స్పీకరు ప్లస్ ఏదో తెలియకపోతే గడియారం సెల్లు ఒక్క క్షణం తాకించండి. కాగితం బైటికి కదిలితే సెల్లు ప్లస్ తగిలిన మొనే ప్లస్. ఒక స్పీకరు తిరగబడితే పాటలో దమ్ము పోతుంది, ఎందుకో మీకు అర్థం కాదు.

డబ్బా మీద రాసిన "50 వాట్లు ఇంటూ 4" గురించి ఒక మాట. సెట్టు వెనక ఫ్యూజు చూడండి, పది ఆంపియర్లు ఉంటుంది. పదిని 14 వోల్టులతో గుణిస్తే 140. లోపలికి వెళ్ళేదే 140 వాట్లయితే బైటికి 200 ఎలా వస్తాయి? ఒక్కో స్పీకరుకి శుభ్రంగా దక్కేది ఇరవై అటూ ఇటూ. మారుతి 800 అంత చిన్న డబ్బాకి అది చాలా ఎక్కువ.

నలుపు తీగని రంగు గీకిన గట్టి ఇనుముకి బోల్టుతో బిగించి, మీద వాసలీన్ రాయండి. చిలుము రాదు, ఇంజను వేగంతో పాటు పెరిగే ఈల కూడా రాదు. ఆ ఈలకి వందలో తొంభై సార్లు కారణం అర్తే. సెట్టు కూర్చునే గూడు కొలత పాతికేళ్ళ కింద ఉన్నదే ఇప్పుడూ ఉంది, 180 మిల్లీమీటర్లకి 50. జర్మనీవాళ్ళు పెట్టిన కొలత. పిల్లలడిగిన పెద్ద తెర పట్టాలంటే డ్యాష్‌బోర్డు కోయాలి. కోయలేదు. అలిగారు, రెండు రోజుల్లో మర్చిపోయారు.

ఏ సెట్టు కొనాలన్న దగ్గర మాత్రం నేను ఒకదానికోసం నాలుగు దుకాణాలు తిరిగాను. అందులో ఏఎమ్, అంటే మీడియం వేవ్ ఉండాలి. చవక సెట్లలో బ్లూటూత్ ఉంటుంది, రంగురంగుల లైట్లుంటాయి, ఎఫ్ఎమ్ ఉంటుంది, ఏఎమ్ తీసేశారు. "ఎవరు వింటారు సార్ అది" అన్నాడు దుకాణం కుర్రాడు.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం లోపలికి వచ్చింది. నాగాయలంక వైపు సొర్లగొంది లాంటి ఊళ్ళు ఊళ్ళే పోయాయి. ప్రభుత్వ లెక్కలోనే మృతులు పది వేలు దాటారు. హెచ్చరిక రేడియోలో వచ్చింది. పూరిపాకల్లో రేడియో ఎన్ని ఇళ్ళలో ఉంది? గాలి మొదలయ్యాక కరెంటు లేదు, తీగలు లేవు, రోడ్లు లేవు. సెల్లుల ట్రాన్సిస్టరు ఉన్న మనిషి చుట్టూ ఊరు కూడేదని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మతం, కులం, మొహల్లా ఏమీ లేకుండా. అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారింది, తుఫాను షెల్టర్లు వచ్చాయి, ఫోనుకే హెచ్చరికలు వస్తున్నాయి. కాని 2014లో హుద్‌హుద్ విశాఖలో సెల్ టవర్లని ఎలా పడుకోబెట్టిందో చూశాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు కూడా ఫోను పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు చాలామంది.

మీడియం వేవ్ నేలని పట్టుకుని నడుస్తుంది. తడి నేల, ఉప్పు నేల అయితే ఇంకా దూరం నడుస్తుంది. అంటే మన వరి చేలూ, మన ఉప్పు కయ్యలూ దానికి రాజమార్గం. ఎఫ్ఎమ్ కంటికి కనిపించినంత దూరమే వెళ్తుంది, మోపిదేవి దాటి కోడూరు వైపు దిగేసరికి విజయవాడ స్టేషన్లు గరగరమంటాయి. విజయవాడ మీడియం వేవ్ హంసలదీవి ఇసక దాకా నాకు శుభ్రంగా వినిపించింది. మారుతి 800 బ్యాటరీ సుమారు 35 ఆంపియర్ అవర్లు. సన్నటి వాల్యూములో సెట్టు ఒక ఆంపియరు తాగుతుందనుకున్నా, సగం బ్యాటరీతో పదిగంటలు పైనే వార్తలు వినొచ్చు, తెల్లారాక బండి స్టార్టు అవుతుంది. ఇంజను ఆపే ఉంచండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపితే ఆ పొగే ప్రాణం తీస్తుంది.

యాంటెన్నా కూడా పాతది వదిలేయకండి. ఎఫ్ఎమ్‌కి అద్దం మీద అంటించేది చాలు, ఏఎమ్‌కి నిలువు చువ్వ కావాలి, దాని అడుగున రబ్బరు కింద కూడా అదే చిలుము. విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించాను.

పాత డెక్కు మా వీధి చివర షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడికిచ్చాను. దానిలో మోటారు ఇంకా బాగుంది, రెండు లైట్లు కూడా. విప్పి నేర్చుకుంటానన్నాడు. నానీ అరగంట ఇప్పుడు కొత్త సెట్టు పెన్‌డ్రైవులో మొదటి ఫైలు. బందరు నుంచి గుడివాడ వెళ్ళేదాకా అమ్మీ అదే పెట్టించింది, పెడన గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు ఇంకోసారి.